కోరంగి రేవు – మూడు లక్షల పద్దు

"1839 నవంబరులో కోరంగి రేవు మీద తుఫాను విరుచుకుపడింది. 40 అడుగుల ఎత్తున ఉప్పెన లేచింది. 20 వేల ఓడలు మునిగిపోయాయి. 3 లక్షల మంది చనిపోయారు. ఆ దెబ్బతో కోరంగి మళ్ళీ లేవలేదు."

ఈ అయిదు వాక్యాలు చదవని తెలుగువాడు ఉండడు. ప్రపంచంలోని ఘోరమైన తుఫాన్ల జాబితా ఏది తెరిచినా కోరంగి పేరు మొదటి పదిలో కనిపిస్తుంది. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో, టీవీ కార్యక్రమాల్లో ఇదే మాట. ఈ మధ్య ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ ఇదే. అంకె ఎక్కడా మారదు. 3 లక్షలు, 20 వేలు.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, రక్షణ ఖాతాల శాఖలో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. ఖరగ్‌పూర్ రైల్వే ఊళ్ళో ఉంటున్న తెలుగువాణ్ణి. మా శాఖలో మాకు మొదట నేర్పేది ఒకటే. అంకె ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, దాని వెనక ఓచరు ఉందా అని చూడాలి. ఓచరు లేని పద్దుని ఎంత పెద్ద అధికారి సంతకం చేసినా పాస్ చేయకూడదు. దేవుడి మహిమల మీద మనం ఎప్పుడూ వాడే సూత్రం కూడా ఇదే కదా! మరి చరిత్ర పద్దుల మీద ఎందుకు వాడకూడదు? కోరంగి లెక్కని ఒకసారి ఆడిట్ చేసి చూద్దాం.

ముందు అసలు కోరంగి అంటే ఏమిటో తెలుసుకోవాలి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, తాళ్ళరేవు దగ్గర, గౌతమి గోదావరి నుంచి చీలిన ఒక పాయ ఒడ్డున ఉన్న ఊరు అది. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు మడ అడవులు చూడటానికి వెళతారు. 1978లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క వంతెన మీద నడుస్తూ ఫోటోలు తీసుకుంటారు. ఇక్కడ ఒకప్పుడు సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారంటే నమ్మకం కుదరదు.

కానీ కట్టారు. 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దం మొదటి సగంలోనూ తూర్పు తీరంలో ఓడల నిర్మాణానికి కోరంగి పెట్టింది పేరు. నది పాయ లోపలికి ఓడను తీసుకొచ్చి, నిలిపి, అడుగుభాగం బాగుచేయడానికి వీలైన చోట్లు ఈ తీరంలో చాలా తక్కువ. మద్రాసులో రేవే లేదు, ఓడలు బాహాట సముద్రంలో లంగరు వేసుకోవాలి. కోరంగిలో ఆ ఇబ్బంది లేదు. 1802లో అక్కడ ఇంగ్లీషు యుద్ధనౌకల మరమ్మతుకి డాక్ కట్టారు. కోరంగికి కూతవేటు దూరంలో ఫ్రెంచివాళ్ళ యానాం, ఇంగ్లీషువాళ్ళ ఇంజరం, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. ఇంతమంది ఆ బురదలో ఎందుకు కాపురం పెట్టారు? గోదావరి డెల్టా నేత బట్టలు, టేకు, బియ్యం, నూనెగింజలు, ఉప్పు. కలకత్తా, మద్రాసు, సింహళం, బర్మా, మలయా. అంతా వ్యాపారమే. ఐరోపా దాకా వెళ్ళే పెద్ద వ్యాపారం కంటే బంగాళాఖాతం చుట్టూ తిరిగే ఈ చిన్న వ్యాపారమే కోరంగికి కూడు పెట్టింది. సరుకు యజమానులు, ఓడల సరంగులు, కళాసీలు, వడ్రంగులు చాలామంది స్థానికులే.

శాస్త్రాలు సముద్రయానం చేస్తే కులం పోతుందన్నాయి కదా, మరి వీళ్ళంతా ఎలా వెళ్ళారు అని అడిగేవాళ్ళుంటారు. శాస్త్రం రాసినవాడు ఓడ ఎక్కలేదు. ఓడ ఎక్కినవాడు శాస్త్రం చదవలేదు. లెక్క సరిపోయింది!

ఆ వ్యాపారం ఎంత బలంగా ఉండేదో పేరు చెబుతుంది. బర్మాలో తెలుగువాడిని "కొరంగీ" అనేవారు. అది వాళ్ళ నోట తిట్టుగా కూడా మారింది. మారిషస్‌లోనూ తెలుగువాళ్ళకి ఆ పేరే. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలీల గొడవ పెద్ద అల్లరై, ఎందరో చనిపోయారు. ఆ దాడుల్లో బలైన రేవు కూలీలు చాలావరకు తెలుగువాళ్ళు, అంటే "కొరంగీలు". అందులో కోరంగి ఊరు కళ్ళతో చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అప్పటికి కోరంగి రేవుగా చచ్చిపోయి చాలా కాలమైంది. వాళ్ళంతా విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరు ఎక్కినవాళ్ళు. రేవు పోయినా రేవు పేరు మనిషి నుదుటి మీద మిగిలింది. కోరంగి అనే పేరే కళింగ నుంచి వచ్చి ఉండవచ్చని 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఊహించింది.

ఇక ఆడిట్‌కి వద్దాం.

మొదటి పద్దు: 20 వేల ఓడలు. ఓడలంటే మూడు తెరచాపల ఓడలే కానక్కర్లేదు, చేపల పడవలు, దోనెలు కూడా కలుపుకుందాం. ఒక్కో పడవ సగటున 30 అడుగులు అనుకుందాం. 20 వేల పడవల్ని ఒకదాని వెనక ఒకటి పెడితే 6 లక్షల అడుగులు. అంటే సుమారు 180 కిలోమీటర్లు. ఆ వరస కాకినాడలో మొదలుపెడితే విశాఖపట్నం దాటిపోతుంది. ఒక నది పాయలో, ఒక లోతు తక్కువ అఖాతంలో, ఒకే రాత్రి ఇన్ని పడవలు ఎలా పట్టాయి? సరే, ఒక్క కోరంగిలోనే కాదు, తీరమంతా కలిపి అంటారా? అలాగైతే తీరమంతా లెక్కపెట్టినవాడెవడు? ఊరూరా తిరిగి మునిగిన దోనెల్ని లెక్కపెట్టి, కూడిక వేసి 20 వేలు అని రాసిన గుమాస్తా ఎవరు? ఈ అంకె చెప్పేవాళ్ళలో ఆ గుమాస్తా పేరు చెప్పేవాళ్ళు లేరు.

రెండో పద్దు: 3 లక్షల మంది. దీన్ని దేనితో పోల్చి చూడాలి? కాకినాడ కోరంగి కంటే పెద్ద రేవై, రైలు కూడా వచ్చిన తరవాత, 1901 జనాభా లెక్కల్లో ఆ పట్టణంలో ఉన్నది 48 వేల మంది. 1871లో మద్రాసు మహానగరం మొత్తం జనాభా సుమారు 4 లక్షలు. కాబట్టి కోరంగి ఊళ్ళో 3 లక్షల మంది చావడానికి అసలు అంతమంది ఉండే ప్రశ్నే లేదు.

"ఊరు కాదండీ, డెల్టా మొత్తం" అని ఒక మిత్రుడు సర్దిచెప్పాడు. మంచిదే. డెల్టా మొత్తమే చూద్దాం. అప్పుడు దాన్ని రాజమండ్రి జిల్లా అనేవారు. అది చితికిపోయిన జిల్లా. 1832-33లో నందన కరువు, దాని వెంట రోగాలు, పొట్ట చేతపట్టుకుని వలసలు. జిల్లా ఎందుకిలా అయిందో విచారించమని ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్టకి దారితీసిన కారణాల్లో ఆ నివేదిక ఒకటి. ఆ కాలపు లెక్కల ప్రకారం 1821 ప్రాంతంలో 7 లక్షలు దాటిన జిల్లా జనాభా 1841 నాటికి 6 లక్షల లోపుకి పడిపోయింది. అంటే 20 ఏళ్ళలో కరువు, కలరా, వలస, తుఫాన్లు అన్నీ కలిపి మొత్తం లోటు సుమారు 2 లక్షలు.

ఇప్పుడు చెప్పండి. 20 ఏళ్ళ మొత్తం లోటు 2 లక్షలైతే, అందులో ఒక్క రాత్రి ఖర్చు 3 లక్షలు ఎలా అవుతుంది? మొత్తం కంటే భాగం పెద్దదైన లెక్క ఏ కామర్స్ కాలేజీలోనూ చెప్పరు. ఆనాటి లెక్కలు గ్రామ కరణాలు రాసినవి, ఈనాటి జనాభా లెక్కల్లాంటివి కావు, నిజమే. కరణం పదో పరకో తప్పు రాయొచ్చు, కావాలని తగ్గించీ రాయొచ్చు. కానీ జిల్లాలో సగం జనం ఒక్క రాత్రిలో పోతే శిస్తు వసూలు మీద ప్రాణం పెట్టుకున్న కంపెనీ ప్రభుత్వానికి తెలియకుండా ఉంటుందా? శవాలు లెక్కపెట్టకపోవచ్చు గానీ, రూపాయలు లెక్కపెట్టకుండా ఉండేవాళ్ళు కారు.

పోలికకి ఇంకొకటి. 1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్ మీద పడ్డ భోలా తుఫానులో 3 లక్షల మంది, ఇంకా ఎక్కువ మందీ చనిపోయారని అంచనా. అది ఇరవయ్యో శతాబ్దంలో, ప్రపంచంలోనే అత్యంత జనసాంద్రత గల డెల్టాలో జరిగింది. కోరంగి లెక్క నిజమైతే, 1839 నాటి పల్చని గోదావరి లంకల్లో భోలా అంత విపత్తు జరిగి ఉండాలి.

మూడో పద్దు నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది. 3 లక్షల్ని 20 వేలతో భాగించండి. సరిగ్గా 15. పైసా మిగలదు. నిజమైన లెక్కలు ఇంత నున్నగా రావు. పడవకి 15 మంది అని ఎవరో కూర్చుని గుణించినట్లు ఉంది. ఎవరు గుణించారు? ఎక్కడ గుణించారు?

ఇక్కడ మా బెంగాల్ కథలోకి వస్తుంది. 1737 అక్టోబరులో హుగ్లీ నది మీద పెద్ద తుఫాను వచ్చింది. కలకత్తా దెబ్బతింది. సెయింట్ ఆన్స్ చర్చి శిఖరం కూలిపోయింది. ఆ వార్త ఓడ మీద లండన్ చేరింది. అక్కడి జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే పత్రిక అచ్చువేసింది. తుఫానుతో బాటు భూకంపం కూడా వచ్చిందని రాసింది. ఓడలు, పడవలు, దోనెలు కలిపి 20 వేలు పోయాయని రాసింది. చనిపోయినవాళ్ళు 3 లక్షలని రాసింది.

మిత్రులారా, మరొక్కసారి చూడండి. 20 వేలు. 3 లక్షలు. నది వేరు, శతాబ్దం వేరు, పద్దు మాత్రం అదే!

రెండు వేర్వేరు డిపోల్లో, వంద సంవత్సరాల తేడాతో, రెండు నష్టాలు పైసా తేడా లేకుండా ఒకే మొత్తానికి వస్తే ఆడిటరు ఏమనుకుంటాడు? ఒక పద్దు రెండు ఖాతాల్లో పోస్టయిందనుకుంటాడు. నేనూ అదే అనుకుంటున్నాను. హుగ్లీ అంకె ఏదో ఒక పుస్తకంలో, ఏదో ఒక జాబితాలో వరస తప్పి కోరంగి ఖాతాలో పడింది. తరవాత వచ్చినవాళ్ళంతా ఆ జాబితానే ఎత్తి రాసుకున్నారు. ఇది నా అనుమానం. అయితే ఇంతకంటే మంచి వివరణ చూపించేవరకు ఈ అనుమానాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనపడదు.

పోనీ హుగ్లీ అంకె అయినా నిజమేనా? దాన్ని రోజర్ బిల్హామ్ అనే అమెరికా భూకంప శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ప్రపంచంలో ఘోరమైన భూకంపాల జాబితాల్లో "1737 కలకత్తా భూకంపం, 3 లక్షల మృతులు" అని ఏళ్ళ తరబడి అచ్చవుతూ వచ్చింది. ఆయన ఈస్టిండియా కంపెనీ కాగితాలు తిరగేసి 1994లో ఒక పరిశోధన వ్యాసం రాశాడు. కలకత్తాలో పన్నుల వసూలు చూసే థామస్ జాషువా మూర్ అనే అధికారి రాసిన లెక్క అందులో ఉంది. నగరంలో చనిపోయినవాళ్ళు సుమారు 3 వేలు. భూకంపం ఊసే లేదు. అప్పటి కలకత్తా ఎంత ఊరు? దాని జనాభా 20 వేలు దాటి ఉండదు. 20 వేల మంది ఉన్న ఊళ్ళో 3 లక్షల మంది చనిపోయారని 250 ఏళ్ళ పాటు పండితులు రాసుకుంటూ పోయారు. ఎవరూ భాగహారం చేయలేదు.

3 వేలకి రెండు సున్నాలు తగిలిస్తే 3 లక్షలు. అక్కడే ఏదో జరిగి ఉంటుంది.

కోరంగి ఖాతాలో ఇంకో తికమక కూడా ఉంది. 1839 కంటే ముందే ఆ ఊరిని సముద్రం ముంచింది. 1789 డిసెంబరులో వరసగా మూడు పెద్ద కెరటాలు వచ్చి ఊరిని తుడిచిపెట్టాయని, 20 వేల మంది పోయారని హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ఇదే 20 వేల అంకె కొన్ని జాబితాల్లో 1787 మే నెల తుఫాను పేరిట కనిపిస్తుంది. మనుషులు 20 వేలు, పడవలు 20 వేలు. తేదీలు కదులుతుంటాయి, అంకె మాత్రం అలాగే కూర్చుంటుంది. దెయ్యాల కథలు పరిశీలించినవాళ్ళకి ఈ లక్షణం బాగా తెలుసు. ఊరు మారుతుంది, చింతచెట్టు మారుతుంది, తెల్లచీర మారదు.

మరి కోరంగిని చంపిందెవరు?

మా పెద్దవాళ్ళలో కొందరు "పాపం పండింది, సముద్రుడు మింగేశాడు" అనేవారు. కోరంగికి దగ్గర్లోనే చొల్లంగి. పుష్య బహుళ అమావాస్యకి వేలమంది అక్కడ స్నానం చేస్తారు. సప్త ఋషులు గోదావరిని ఏడు పాయలుగా తీసుకెళ్ళారని, ఆ సంగమాల్లో మునిగితే పుణ్యమని నమ్మకం. ఒకే నీళ్ళు ఒక ఊరికి పుణ్యం, పక్క ఊరికి పాపం ఎలా ఇచ్చాయో అడిగితే జవాబుండదు. చదువుకున్నవాళ్ళు పాపం అనరు, "1839 తుఫాను" అంటారు. ఒక్క రాత్రిలో ఒక్క దెబ్బతో కథ ముగిసిపోవాలి, అప్పుడే వినడానికి బాగుంటుంది. ఈ రెండు వివరణలకీ అంత దూరం లేదు.

అసలు హంతకుడు రోజూ కళ్ళముందే ఉన్నాడు. గోదావరి ఒండ్రు. గోదావరి దక్కను పీఠభూమి మట్టిని ఏటా వరదలో తెచ్చి సముద్రం దగ్గర దించుతుంది. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఆ ఇసుకని తీరం వెంట ఉత్తరానికి తోస్తాయి. అలా పేరుకున్న ఇసుక పొడుగాటి నాలుకలా సముద్రంలోకి పెరిగింది. అదే ఇవాళ మనం హోప్ ఐలాండ్ అంటున్నది. దాని వయసు రెండు వందల ఏళ్ళ పైచిలుకే. ఆ ఇసుక గోడ వెనక నీళ్ళు నెమ్మదించాయి. నెమ్మదించిన నీళ్ళలో బురద అడుక్కి దిగుతుంది. బురద మీద మడచెట్లు మొలుస్తాయి. మడచెట్ల వేళ్ళు మరింత బురదని పట్టుకుంటాయి. ఏ కోరంగి పాయ ఓడకి ఆశ్రయం ఇచ్చిందో ఆ పాయే పూడిపోయింది. పెద్ద ఓడలు దూరంగా ఆగాయి. సరుకు చిన్న పడవల మీద మోయాల్సి వచ్చింది. ఖర్చు పెరిగింది. వ్యాపారి ఖర్చు చూసుకుని కాకినాడ మారాడు. 1852లో ఆనకట్ట పూర్తయి, డెల్టా కాలవల మీద పడవలు సరుకుని నేరుగా కాకినాడకి చేర్చడం మొదలైంది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ లాభం కాకినాడకి దక్కింది. తెరచాప ఓడల స్థానంలో స్టీమర్లు వచ్చాయి. స్టీమరుకి ఇంకా లోతు కావాలి. టేకు ఓడ కట్టే వడ్రంగికి పని పోయింది. చివరికి తూర్పు తీరం వెంట రైలు వేశారు. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయి మద్రాసు వైపు నుంచి హౌరాకి దారి కలిసింది. ఆ దారి మీద పుట్టిన ఊరే మా ఖరగ్‌పూర్ జంక్షన్. కోరంగి ఓడ మీద కలకత్తా వెళ్ళాల్సిన తెలుగు కూలీ రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నిమ్‌పురా, మథురాకాటి క్వార్టర్లలో ఇవాళ మనకి వినపడే తెలుగుకి మూలం అది.

ఒండ్రు రేవుని చంపడం కొత్త సంగతి కాదని చెప్పడానికి ఖరగ్‌పూర్ వాళ్ళకి దూరం వెళ్ళక్కర్లేదు. రైలెక్కితే రెండు గంటల్లోపు తమ్లుక్. అదే పాత తామ్రలిప్తి. అయిదో శతాబ్దం మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ అక్కడ రెండేళ్ళు ఉండి, వ్యాపారుల ఓడ ఎక్కి సింహళం వెళ్ళాడు. ఏడో శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ చూశాడు, ఇత్సింగ్ అక్కడే ఓడ దిగాడు. ఎనిమిదో శతాబ్దపు దూధ్‌పాని శాసనం తరవాత ఆ రేవు మాట వినపడదు. దాన్ని ఏ ఉప్పెనా ముంచలేదు. నది దారి మార్చింది, బురద నింపింది, అంతే. తరవాత సప్తగ్రామ్, తరవాత హుగ్లీ, తరవాత కలకత్తా, 1977లో హల్దియా డాక్. సప్తగ్రామ్ తరవాత రేవులు బురద నుంచి పారిపోతూ సముద్రం వైపు జరిగాయి. హల్దియాలో కూడా ఏటా పూడిక తీయందే ఓడ రాదు. డెల్టా రేవుకి అన్నం పెట్టేదీ నదే, పాడె కట్టేదీ నదే. ఇందులో శాపం లేదు.

ఈ మాటలన్నీ మా ఊరి తెలుగు మిత్రుల మధ్య చెప్పినప్పుడు ఒకాయన కోపగించుకున్నాడు. "చచ్చినవాళ్ళ సంఖ్య తగ్గించి ఎవరికి మేలు చేస్తున్నావయ్యా? తెల్లవాళ్ళ పాలనలో తెలుగువాళ్ళ చావుకి విలువ లేదని నువ్వూ అంటున్నావా?" అన్నాడు. గట్టి ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకపోతే నా ఆడిట్ సగమే.

లెక్కలు రెండు వైపులా తప్పుతాయి. 1942 అక్టోబరు 16న ఇదే మేదినీపూర్ జిల్లాలో, కాంథీ, తమ్లుక్ ప్రాంతాల మీద తుఫాను, ఉప్పెన పడ్డాయి. అధికారిక లెక్క సుమారు 14,500 మంది. కానీ అప్పుడు యుద్ధకాలం, జపాన్ బర్మా దాకా వచ్చింది, పైగా ఆ ప్రాంతం క్విట్ ఇండియా ఉద్యమంతో ప్రభుత్వానికి ఎదురు తిరిగి ఉంది. అందుకని వార్త వెంటనే పత్రికల్లో రానివ్వలేదు. వార్త రాకపోతే సాయం రాదు. సాయం రాకపోతే ఉప్పెన తప్పించుకున్నవాడు ఆకలికి పోతాడు. మరుసటి సంవత్సరం బెంగాల్ కరువులో అదే జరిగింది. అక్కడ అంకెని దాచడం మనుషుల్ని చంపింది.

దూరంగా ఉన్న పాఠకుణ్ణి ఆశ్చర్యపరచాలంటే అంకె పెరుగుతుంది. దగ్గరున్న ప్రభుత్వం జవాబు చెప్పాలంటే అంకె తగ్గుతుంది. రెండింటిలోనూ చనిపోయిన మనిషి లెక్కలో లేడు. 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 30 వేల మంది పోయారు. ఆ 30 వేలు ఎవరికీ గుర్తు లేదు. ఎందుకంటే 3 లక్షల పక్కన 30 వేలు చిన్నగా కనిపిస్తుంది. దివిసీమలో 1977 నవంబరు 19న 10 వేల మందికి పైగా పోయారు. నా వయసువాళ్ళకి అది బాగా గుర్తుంది. కోరంగి లెక్కని నమ్మినవాడికి దివిసీమ దానిలో ముప్పయ్యో వంతు! అబద్ధపు పద్దు నిజమైన పద్దుల విలువని ఇలా తగ్గిస్తుంది.

1839లో కోరంగిలో ఘోరం జరిగింది. అందులో అనుమానం లేదు. వేలమంది పోయి ఉంటారు. ఒక్క చేపల పల్లె తుడిచిపెట్టుకుపోయినా అది ఘోరమే. దానికి హుగ్లీ నుంచి సున్నాలు అప్పు తేనక్కర్లేదు.

ఇదే కథలో లెక్క సరిగ్గా వేసినవాడు ఒకడున్నాడు. పైన చెప్పిన పిడింగ్టన్. కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ కోర్టుకి అధ్యక్షుడు. తుఫానులో చిక్కిన ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించి, ఏ గంటలో గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పటం మీద గుర్తులు పెట్టాడు. గాలి చుట్టలు తిరుగుతుందని తేల్చాడు. పాము చుట్టని సూచించే గ్రీకు మాట నుంచి "సైక్లోన్" అనే పేరు పెట్టాడు. ఆ పేరుని ప్రచారం చేసిన ఆయన పుస్తకం 1848లో వచ్చింది. అందులో మంత్రం లేదు, వరుణదేవుడు లేడు. ఓడల లాగ్ పుస్తకాలే ఓచర్లు.

1853లో మాత్లా నది ఒడ్డున, సుందరవనాల్లో, కలకత్తాకి బదులుగా కొత్త రేవు కడతామని ప్రభుత్వం అన్నప్పుడు ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఉత్తరం రాశాడు. అక్కడ ఏదో ఒకరోజు ఉప్పెన ఊరి మీదికి వస్తుంది, కట్టవద్దని. ఎవరూ వినలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. పిడింగ్టన్ 1858లో చనిపోయాడు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చి రేవుని ముంచింది. కొన్నేళ్ళకే ఆ రేవుని వదిలేశారు. ఇది జ్యోతిషం కాదు. తేదీ చెప్పలేదు, గ్రహాలు చూడలేదు. ముందు జరిగిన తుఫాన్ల లెక్క చూసి, తక్కువ ఎత్తు నేల చూసి, రెండూ కలిపితే ఏమవుతుందో చెప్పాడు.

ఇప్పుడు మన సంగతి. హేతువాదులం అని చెప్పుకునే మనం పురాణాల్లో అరవై వేల ఏళ్ళు తపస్సు చేశాడంటే నవ్వుతాం. బాబా గాల్లోంచి విభూతి తీశాడంటే చేతుల్లో ఏముందో చూపించమంటాం. మంచిదే. కానీ అదే అంకె ఇంగ్లీషు పుస్తకంలో ఉంటే, దానికి ఒక సంవత్సరం, ఒక తేదీ తగిలించి ఉంటే, చేతులు కట్టుకుని ఒప్పేసుకుంటాం. ఆ పుస్తకం రాసినవాడు ఇంకో పుస్తకం చూసి రాశాడు. ఆ ఇంకో పుస్తకం ఒక పత్రిక చూసి రాసింది. ఆ పత్రికకి ఎవరో నావికుడు చెప్పాడు. మూలం దాకా వెళితే అక్కడ ఉన్నది శవాలు లెక్కపెట్టిన గుమాస్తా కాదు, గుక్క తిప్పుకోకుండా కథ చెప్పే మనిషి.

పెద్ద చదువు అవసరం లేదు. మూడు ప్రశ్నలు చాలు. ఎవరు లెక్కపెట్టారు? అంతమంది అసలు అక్కడ ఉన్నారా? ఇదే అంకె ఇంకెక్కడైనా కనిపిస్తోందా? కోరంగికి ఈ మూడూ వేశాం. మూడింటిలోనూ అంకె తప్పింది.

మా శాఖలో ఆధారం దొరకని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తారు. కొట్టేయరు, ఒప్పుకోరు, ఓచరు వచ్చేదాకా అక్కడ ఉంచుతారు. కోరంగి 3 లక్షల్ని అందులో వేద్దాం. అసలు ఓచరు ఎవరైనా చూపిస్తే సంతోషంగా తీసి సరైన ఖాతాలో రాద్దాం. అప్పటిదాకా పిల్లలకి చెప్పేటప్పుడు ఇలా చెబుదాం: 1839లో కోరంగి మీద పెద్ద తుఫాను వచ్చింది, చాలామంది చనిపోయారు, కానీ ఆ రేవుని చంపింది ఆ తుఫాను కాదు, గోదావరి తెచ్చిన మట్టి. ఈసారి కోరంగి వెళ్ళినప్పుడు మడ అడవి వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఓడలు తిరిగిన చోట బురద కనపడుతుంది.